టిఫా స్కాన్ దగ్గర తెలుగు వాచకం

పిల్లలకి తెలుగు చదవడం నేర్పితే వచ్చే లాభాల గురించి అందరూ చెబుతారు. నష్టాలు చెప్పినవాళ్ళు లేరు. మా మేనకోడలు చిన్ని రెండో తరగతి. వేసవి సెలవుల్లో తాతగారు గుణింతాలూ ఒత్తులూ పట్టుబట్టి నేర్పారు. అప్పట్నుంచి అది బస్సు వెనక రాతల దగ్గర్నుంచి పకోడీ పొట్లం కాగితం దాకా దేన్నీ వదలదు. పైగా మనసులో చదువుకునే అలవాటు లేదు.

మా అక్కకి మళ్ళీ అయిదో నెల. పాప ఎక్కణ్ణుంచి వస్తుందన్న దానిమీద ఇంట్లో ఎవరి వాదం వాళ్ళదే. వెంకన్న ఇచ్చాడని మా అమ్మ. ఆస్పత్రిలో నర్సమ్మ ఇస్తుందని నాన్న. హైదరాబాదు నుంచి బావ ఫోన్లో, "అమ్మనడుగు తల్లీ, సిగ్నల్ సరిగ్గా లేదు!" చివరికి అక్కే కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేసింది. పాప ఉండేది అన్నం వెళ్ళే చోట కాదు, గర్భసంచిలో. తిండి బొడ్డుతాడు గుండా అందుతుంది. పుట్టాక ఆ తాడు కోసేస్తే మిగిలే గుర్తే మన బొడ్డు. చిన్ని ఆ సాయంత్రం ఇంటిల్లిపాది బొడ్లూ తనిఖీ చేసింది. తాతగారు మాత్రం బనీను ఎత్తనన్నారు. ఆయన పుట్టుక మీద దానికి ఇంకా అనుమానమే.

టిఫా స్కాన్‌కి దాన్ని కూడా తీసుకెళ్ళాం. పాప గుండె, వెన్నెముక, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఎదుగుతున్నాయో లేదో చూసే స్కాన్ అది. మా అమ్మ దాన్ని టిఫిన్ స్కాన్ అంటుంది. అదీ మరీ తప్పేం కాదు. బిడ్డ అటు తిరిగి పడుకుందనీ, ఏదైనా తీపి తిని కాసేపు నడిచి రమ్మనీ అక్కని బయటికి పంపారు.

హాలు కిటకిటలాడుతోంది. ఎదురు కుర్చీలో పెద్దావిడ అక్కని పైనుంచి కిందిదాకా చూసి, "పొట్ట కోసుగా ఉందమ్మా, మగపిల్లాడే" అని తేల్చేసింది. సరిగ్గా అప్పుడే చిన్ని కళ్ళు గోడ మీది బోర్డు మీద పడ్డాయి.

"ఇ...చ్చట లిం...గ ని...ర్ధా...రణ పరీక్షలు చేయ...బడవు. చట్ట...రీత్యా నేరం." ఒత్తులన్నీ సరిగ్గా పలికింది. తాతగారు ఉంటే మురిసిపోయేవారు.

"అమ్మమ్మా, అంటే ఏంటి?"

"అది శివుడి సంగతిలే. లెంపలేసుకో."

"శివుడికి స్కానింగా?"

నేను గబగబా ఫోన్ తీశాను. ఎవరూ చెయ్యలేదు, అయినా "హలో" అన్నాను.

అక్క తగ్గించిన గొంతుతో చెప్పింది, "లోపల ఉన్నది పాపో బాబో చెప్పరని అర్థం."

"వాళ్ళకెలా తెలుస్తుంది?"

"జుట్టు చూసి" అంది అమ్మ అడ్డం పడి.

చిన్ని నా బట్టతల వంక చూసింది. "మరి మామయ్య?"

"చెవిపోగులు చూసి."

"పుట్టకుండానే చెవులు కుట్టేశారా?"

హాల్లో అందరూ మాటలాపి వింటున్నారు. అక్కకి ఓపిక అయిపోయింది. "స్నానం చేయించేటప్పుడు బాబాయి వాళ్ళ చంటోడికి చూశావుగా, నీకు లేనిది. అది ఉంటే బాబు. లేకపోతే పాప."

"ఓస్, అదా! దానికి ఇంత పెద్ద బోర్డెందుకు?"

హాలంతా గొల్లుమంది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయితే చిన్ని ఆగలేదు. "చెబితే నేరం ఎందుకు?" అంది.

ఈసారి నవ్వు రాలేదు. 1994లో ఈ చట్టం ఎందుకు చెయ్యాల్సొచ్చిందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఏడేళ్ళ ఆడపిల్లకి అది చెప్పగలిగినవాళ్ళూ లేరు. ఇన్నాళ్ళూ మేం భయపడింది తప్పుడు ప్రశ్నకని అప్పుడర్థమైంది. "పాపయితే వద్దనే పిచ్చివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి తెలియకూడదని" అంది అక్క.

చిన్ని కాసేపు ఆలోచించి ఎదురు కుర్చీ వైపు తిరిగింది.

"బామ్మగారూ, ఇందాక మీరు మగపిల్లాడని చెప్పేశారుగా. అది నేరం."

పెద్దావిడ ముందు నవ్వింది. చిన్ని నవ్వలేదు. అటుగా వెళ్తున్న నర్సమ్మ ఆగి, "పాప చెప్పింది కరెక్టే, 3 ఏళ్ళ దాకా జైలు" అని సీరియస్‌గా అనేసి వెళ్ళిపోయింది.

పెద్దావిడ లేచొచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి, "కోసుగా లేదులే వదినా, గుండ్రంగానే ఉంది. ఆ పిల్లకి నువ్వైనా చెప్పు" అంది.