గ్లో ఇంజిన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 46 సైజు గ్లో ఇంజిన్ గారి సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం. తమరిని బిగించుకున్న నా రేడియో బొమ్మ విమానం క్షేమం కాదు. ముందు చక్రం వెనక్కి వంగిపోయింది, ప్రొపెల్లర్ కొస విరిగింది, పొట్ట కింద అతికించిన కవరింగ్ గడ్డికి కోసుకుపోయింది. తమరి మీద మాత్రం ఒక్క గీత పడలేదు. ఎప్పుడూ పడదు.

ఈ మధ్యాహ్నం ఏం జరిగిందో తమరికి తెలుసు. ఈ పిచ్చి పట్టిన వాళ్ళెవరికైనా తెలుసు. కనుక ఆ కథ మళ్ళీ చెప్పను. ఒక్కటే అడుగుతున్నాను. నేల మీద నిమిషానికి 2,500 చుట్ల దగ్గర అంత కుదురుగా తిరిగి, ఇంధనాన్ని మండించే ప్లగ్‌కు పెట్టిన బ్యాటరీ తీసేసినా తొణకకుండా నన్ను నమ్మించి, తీరా దిగే వేళకు వేగం పెంచడానికి కాస్త థ్రాటిల్ ఇవ్వగానే ఒక్క దగ్గు దగ్గి కొండెక్కడం ఏం మర్యాదండీ?

పూర్తి వేగంలో తమరిని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. 11×6 అంగుళాల ప్రొపెల్లర్ బిగిస్తే నిమిషానికి 12,000 చుట్లు అలవోకగా తిరుగుతారు. విమానాన్ని ముక్కు పైకి ఎత్తి పట్టుకుంటే ఇంకాస్త ఉత్సాహం తెచ్చుకుంటారు. చేతినిండా పని ఉన్నంతసేపూ ఏ పేచీ లేదు. ఏ పనీ చేయకుండా ఊరికే ఉండమంటేనే తమరికి ప్రాణం మీదికి వస్తుంది.

ఆగిపోయినందుకు కాదు నా బాధ. ఎందుకు ఆగారో చెప్పనందుకు. ఇంధనం ఎక్కువైనా ఆగుతారు, తక్కువైనా ఆగుతారు. ప్లగ్ చల్లబడినా, గొట్టంలోకి గాలి బుడగ వచ్చినా, ట్యాంకు ఉండాల్సిన దానికన్నా ఎత్తులో ఉన్నా, గాలీ ఇంధనం కలిపే కార్బురేటర్ మెడ దగ్గరి రబ్బరు రింగు అరిగినా, వెనక మూత గాస్కెట్ నుంచి గాలి పీల్చినా అదే తీరు. రోగాలు పది, లక్షణం ఒకటి. ఆ లక్షణం కూడా నూరడుగుల ఎత్తున, నా చేతికి అందనప్పుడే బయటపడాలి.

తమరి నోరు విప్పించడానికి పెద్దలు ఒక పరీక్ష కనిపెట్టారు. ఐడిల్‌లో, అంటే అతి తక్కువ వేగంలో, తిరుగుతుండగా కార్బురేటర్‌కు వెళ్ళే ఇంధనం గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టాలి. వెంటనే ఆగిపోతే లీన్, అంటే ఇంధనం తక్కువ. వేగం బాగా పెరిగి, చాలాసేపు తిరిగి, ఆ తర్వాత ఆగితే రిచ్, అంటే ఇంధనం ఎక్కువ. కొద్దిగా పెరిగి, రెండు మూడు సెకన్లలో ఆగితే సరిగ్గా ఉన్నట్టు. వినడానికి ఎంత సులువు! ప్రొపెల్లర్ వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, ఇంధనంలో కలిపిన ఆముదంతో జారిపోయే సిలికాన్ గొట్టాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చెవి ఒగ్గి, కంటికి కనిపించని ఆ చక్రానికి నాలుగంగుళాల దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చున్న వాడిని అడగండి. గమనించండి, సరిగ్గా ఉన్నా తమరు ఆగిపోయే తీరతారు. మంచి మార్కులు వచ్చినా మళ్ళీ స్టార్ట్ చేసుకోవాల్సింది నేనే.

ఇక ఐడిల్‌లో మిశ్రమాన్ని సరిచేసే ఆ ఐడిల్ స్క్రూ. గాలి రంధ్రం ఉండే కార్బురేటర్లో దాన్ని బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది. రెండు నీడిళ్ళు (ఇంధనాన్ని కొలిచి వదిలే సూదులు) ఉండే కార్బురేటర్లో అదే బిగిస్తే ఇంధనం తగ్గి లీన్ అవుతుంది. ఒకే పని, ఒకే వైపు తిప్పడం, ఫలితం మాత్రం తలకిందులు! ఈ ఏర్పాటు చేసిన మహానుభావులు పక్కపక్కనే కూర్చుని ఒక్క మాట అనుకోలేకపోయారా? పైగా పూర్తి వేగానికి ఇంధనం కొలిచే పెద్ద నీడిల్ ముందు సరిచేసి, ఐడిల్ తర్వాత చూడాలట. ఆ తర్వాత పెద్ద నీడిల్‌ను కాస్త కదిపామా, ఐడిల్ కథ మళ్ళీ మొదటికి.

సలహాలకు మాత్రం లోటు లేదు. ప్లగ్ మార్చమని ఒకరు, ఇంధనంలో నైట్రోమీథేన్ పెంచమని ఒకరు, బరువైన ప్రొపెల్లర్ వేయమని ఒకరు. అన్నీ నిజమే, ఒక్కోసారి. ఇంధనంలోని మిథనాల్‌కు గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉందని, డబ్బా మూత సరిగ్గా పెట్టమని ఇంకొకరు. పెట్టాను మహాప్రభో.

ఆ ప్లగ్ సంగతి వేరే చెప్పాలి. 1947లో అమెరికాకు చెందిన రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చేదాకా ఇలాంటి విమానాలు నిప్పురవ్వ పుట్టించడానికి కాయిల్, కండెన్సర్, బ్యాటరీ అన్నీ మోసుకుని ఎగరాల్సి వచ్చేది. ఆయన ఆ బరువంతా దింపి, ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట ఒక్కటి మిగిల్చాడు. మొదట ఒకటిన్నర వోల్టు ఇస్తే ఎర్రబడుతుంది, ఆపైన మిథనాల్‌తో జరిగే చర్య వల్ల తానే వేడిగా ఉంటుంది. అద్భుతమైన ఆలోచన, కాదనను. కానీ నిప్పు ఎప్పుడు వెలగాలో చెప్పే యంత్రాంగమే లేకుండా పోయింది. తీగకు మనసైనప్పుడే మంట. ఐడిల్‌లో పచ్చి ఇంధనం దాని మీద చిమ్మితే మనసు విరిగిపోతుంది.

అక్కడే నువ్వు నాకు దొరికావు. అవును, నువ్వే. తమరూ గిమరూ అయిపోయింది. నేల మీద ఐడిల్ చూసేటప్పుడు పది సెకన్లు తిరిగావు, బాగుందన్నాను. దిగేటప్పుడు పట్టేది అంతకు ఎన్నో రెట్లు. ఆ సేపంతా కాలని ఇంధనాన్ని చుక్క చుక్కగా పిస్టన్ కింది గదిలో, క్రాంక్‌కేసులో, దాచుకుంటున్నావు. పైకి మాత్రం అదే నిమ్మళమైన శబ్దం. థ్రాటిల్ తెరవగానే దాచిందంతా ఒక్కసారి పైకి ఎగదన్ని, ప్లగ్‌ను ముంచి, తెల్లని పొగ కక్కి చేతులెత్తేస్తున్నావు. నువ్వు రిచ్‌గా ఉన్నావు. మొదటి నుంచీ రిచ్‌గానే ఉన్నావు. గుట్టుగా ఉన్నావు, అంతే!

రేపటి షరతులు విను. ఐడిల్ స్క్రూను లీన్ వైపు ఎనిమిదో వంతు చుట్టు తిప్పుతున్నాను. విమానాన్ని బల్లకు కట్టేసి, పది సెకన్లు కాదు, ఒక పూర్తి నిమిషం ఐడిల్‌లో కూర్చోబెడతాను. ఆ తర్వాత థ్రాటిల్ ఒక్క ఊపున తెరుస్తాను. గొణుగుతూ, పొగ వదులుతూ లేచావంటే ఇంకో ఎనిమిదో వంతు. చప్పున ఆగిపోయావంటే ఎక్కువ తిప్పినట్టే, వెనక్కి వస్తాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, అడుగంటినప్పుడు ఒకసారి. కొత్త ప్లగ్ వేస్తాను, పాతది జేబులోనే ఉంటుంది, నీ కళ్ళెదుట.

ఎలక్ట్రిక్ మోటారుకు ఐడిల్ అనే బాధే లేదని, వద్దన్నప్పుడు ఆగి, కావాలన్నప్పుడు తిరుగుతుందని నాకు తెలియక కాదు. మైదానంలో సగం మంది నిన్ను చూసి నవ్వుతున్నారు. ఆముదం కాలిన వాసన తగిలితే మాత్రం ఆ నవ్వేవాళ్ళే ఒక అడుగు దగ్గరికి వస్తారు. అది చూసి నువ్వు పొంగిపోవద్దు. నీకు దక్కేది ఎనిమిదో వంతు చుట్టే.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ చేతపట్టిన నీ యజమాని