తూనీగకూ చెట్టెలుకకూ ఐదు మార్కులు

మా పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లవాడికి బడిలో ఇచ్చిన ఇంటిపని ఇది: "సెరియాగ్రియాన్ కోరమాండలియానమ్, వాండెలూరియా ఒలెరేసియా జీవులను పోల్చి పట్టిక రాయుము. ఐదు మార్కులు." మొదటిది కోరమాండల్ తీరం పేరు మోస్తున్న పసుపుపచ్చని సన్న తూనీగ; రెండోది కొమ్మల మీద కాపురముండే పొడవాటి తోక చెట్టెలుక. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం సామెతేననుకున్నాం గాని, అది పాఠ్యప్రణాళికకెక్కిందని మనకెవరూ చెప్పలేదు.

పిల్లవాడు బుద్ధిగా గళ్లు గీశాడు. రెక్కలు: నాలుగు; లేవు. తోక: తోకలా కనిపించేది పొట్టే; ఒంటికంటే పొడవు. బాల్యం: నీళ్లలో, వెనక ఆకుల్లాంటి మూడు మొప్పలతో; చెట్టు మీద గడ్డీ ఆకులూ అల్లిన గూట్లో. అయినా "ఏది మేలో తేల్చలేదు" అని ఒక మార్కు కోశారు.

తేల్చాలంటే పోటీ పెట్టాలి, పోటీకి ముహూర్తమే కుదరదు. పగలైతే తూనీగ గడ్డిపరక మీద రెక్కలు వీపున మూసుకొని సిద్ధంగా ఉంటుంది, చెట్టెలుక నిద్రలో ఉంటుంది. రాత్రయితే చెట్టెలుక, కాళ్ల మొదటి చివరి వేళ్లకు మనుషులకున్నట్టే చదునైన గోళ్లతో, తోక ఆసరాగా కొమ్మ పట్టుకొని బయల్దేరుతుంది, తూనీగ లేవదు. సరే, మసకచీకట్లో పెడదామని అంపైర్లు, వ్యాఖ్యాతలు, ప్రాయోజకులు కుర్చీలు వేసుకొని దోమల చేత కుట్టించుకొంటారు. ఆ దోమలను తినిపెట్టవలసిన పోటీదారుకే గైర్హాజరు పడుతుంది. రాత్రి టీవీ చర్చలో ఒకాయన నాలుగు రెక్కలుండీ ఎదగలేదని తూనీగను నిలదీస్తే, మరొకాయన ఎలుక ఏ జిల్లాదో ముందు తేల్చమంటాడు.

పట్టికలో ఒక్క వరుసలో మాత్రం రెండు గళ్లకూ ఒకటే జవాబు. ఏ జీవికి అంతరించే ముప్పెంతో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో రెండూ "లీస్ట్ కన్సర్న్", అంటే వాటి గురించి ప్రస్తుతానికి బెంగ అక్కర్లేదు. బెంగ ఎవరికుంది గనక! ఈ బడి బస్సులు నిలిచే చోటు మొన్నమొన్నటిదాకా కుంట. ట్రాక్టర్ల కొద్దీ పాత ఇళ్ల శిథిలాలు తెచ్చి నీళ్లలో పోశారు, గట్టు మీది చింతచెట్లను రెండు రోజుల్లో మొదళ్లకు నరికారు, అడిగినవాళ్లకు కాగితం చూపించారు. కుంటను చంపిన చేతులతోనే దాని మీద బతికే జీవికి గళ్లు గీయించడానికి సిగ్గుండాలి.

పిల్లవాడు అడుగున సొంతంగా ఒక వరుస చేర్చాడు. ఇల్లు: పూడ్చారు, నరికారు. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన "ప్రశ్నలో లేదు" అని రాసి, ఇంకో మార్కు కోశారు.