ఉభయకుశలోపరి, డీవీడీ గారూ

మహారాజశ్రీ డీవీడీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మా ఇంట్లో అందరం కుశలమే. తమరి వీపు మీద గీతలు చూస్తే తమరి సంగతి మాత్రం చెప్పలేను. నిన్న మధ్యాహ్నం రెండున్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా తమరి సేవలోనే గడిపాం. దానికి రసీదు అనుకోండి ఈ ఉత్తరం.

తమరిని కోఠీ ఫుట్‌పాత్ మీద 60 రూపాయలు పెట్టి కొన్నాను. తమరిలో ఉన్నది పరుగువీరుడు మిల్ఖా సింగ్ కథ. ఆయన దాన్ని సినిమా తీసుకోమని దర్శకుడు రాకేశ్ ఓంప్రకాశ్ మెహ్రాకు ఇచ్చింది ఒక్క రూపాయికి. అంటే దర్శకుడికన్నా 59 రూపాయలు ఎక్కువ పెట్టినవాణ్ణి. ఆ హోదాలోనే మాట్లాడుతున్నాను. "ఒక్కసారే చూశారు సార్, కొత్తదాని లెక్కే" అన్నాడు అమ్మినాయన. ఆ చూసినవాళ్ళు రెండోసారి ఎందుకు చూడలేదని అక్కడే అడగాల్సింది.

తెచ్చింది మా నాన్న కోసం. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి, సున్నం గీతల మధ్య ఊళ్ళో పిల్లలందర్నీ పరిగెత్తించిన మనిషి. ఫోన్‌లో చూడమంటే "అగ్గిపెట్టెలో ఒలింపిక్సా?" అంటారు. టీవీకి నెట్ పెడదామంటే, మా వీధిలో అది వాన లేని రోజున, కరెంటు ఉన్న పూట, తనకి బుద్ధి పుడితే వస్తుంది. అందుకని తమరు.

దాటనివ్వని ట్రైలర్లను క్షమించాం. ఏ మీట నొక్కినా అడ్డం పెట్టిన చెయ్యి గుర్తును క్షమించాం. పెదాలు ఆగిపోయాక తీరిగ్గా వచ్చే సబ్‌టైటిళ్ళను కూడా. నాన్నకు హిందీ రాదు, ఇంగ్లీషు అంత తొందరగా చదవలేరు, కాబట్టి ఆ విషయంలో తమరు ఎవరికీ అన్యాయం చేయలేదు.

కానీ పరుగు దగ్గర ఏమొచ్చింది మీకు?

'భాగ్ మిల్ఖా భాగ్'. 2013 సినిమా. పేరులోనే రెండుసార్లు పరిగెత్తమని ఉంది. అందులో మిల్ఖా ఇంట్లో కూర్చుంటే బొమ్మ అద్దంలా ఉంది. పాలు తాగుతుంటే మీసానికి అంటిన నురగ కనిపించింది. అడుగు వేగం పుంజుకుందో లేదో, మనిషి గళ్ళు గళ్ళుగా విడిపోయాడు! మిల్ఖాగా వేసిన ఫర్హాన్ అఖ్తర్ నెలల తరబడి చెమటోడ్చి పెంచిన కండలు తమరి చేతిలో పడి ఇటుకలయ్యాయి. పొట్ట మీద ఆరు పలకలు ఉండాలట, నాకు పదహారు కనిపించాయి. రోమ్ ఒలింపిక్స్ పందెంలో ఎవరు ముందో ఎవరు వెనకో తెలియక నాన్న కళ్ళద్దాలు తీసి రెండుసార్లు తుడుచుకున్నారు. పాపం, తప్పు తనదే అనుకున్నారు.

రాత్రి నిద్ర పట్టక చదివాను మీ కులాచారం. ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచుకోరట మీరు. ముందు ఫ్రేముకీ దీనికీ తేడా ఎంతో అంతే రాసుకుంటారట. కదలని మనిషైతే ఖర్చు లేదు. కాళ్ళు, చేతులు, దుమ్ము, వెనక జనం అన్నీ ఒక్కసారి కదిలితే చోటు చాలదు. అప్పుడు వివరాలు వదిలేసి, పదహారు చుక్కల వెడల్పు, పదహారు చుక్కల ఎత్తు గడులు పరిచేసి చేతులు దులుపుకుంటారు. సెకనుకు పది మెగాబిట్ల దాకా మోయగలిగినవారే. కానీ మూడు గంటలు దాటిన సినిమాను 4.7 జీబీలో కుక్కితే సెకనుకు మూడున్నర కూడా దక్కదు. పైగా టీవీలో 1920×1080 చుక్కలుంటే, తమరి దగ్గరున్నవి 720×576. ఒక్కో చుక్క ఐదింటి పని చెయ్యాలి. అందుకే నిలబడ్డవాడంటే ముద్దు, పరిగెత్తేవాడంటే కక్ష. అలాంటప్పుడు ఏ సత్యాగ్రహం సినిమానో ఒంటికి ఎక్కించుకోవచ్చుగా? అందరూ కూర్చునే ఉంటారు.

అట్ట వెనక 'పాల్' అని టీవీ పద్ధతి పేరు చూసి ఇంకొకటి తెలుసుకున్నాను. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను నువ్వు 25తో నడుపుతావు. (మర్యాద జారింది, పోనీ.) అంటే నూటికి నాలుగు పాళ్ళు వేగం ఎక్కువ. రోమ్‌లో మిల్ఖా సింగ్ 45.6 సెకన్లు నీ లెక్కలో 43.8 అవుతుంది. ఆశపడ్డాను. కానీ కంచు పతకం ఎగరేసుకుపోయిన మాల్కమ్ స్పెన్స్ 45.5ని కూడా 43.7 చేశావు, 44.9లో పరిగెత్తిన ఓటిస్ డేవిస్‌ని 43.1 చేశావు. అందర్నీ సమానంగా ఉరికించి మళ్ళీ మనవాణ్ణి నాలుగోవాడిగానే నిలబెట్టావు. ఇంత చేసినదానివి ఆ పదోవంతు సెకను ఒకటి తగ్గించలేకపోయావా?

సరే, ఓటమి సినిమా మొదట్లోనే ఉంది, చూశాం. గెలుపు కోసం మూడు గంటలు కూర్చున్నాం. చివరికి లాహోర్ వచ్చింది. 200 మీటర్లు. అవతల పాకిస్తాన్ పరుగువీరుడు అబ్దుల్ ఖాలిక్. నాన్న కుర్చీ అంచుకి వచ్చారు. అందరూ గీత మీద వంగారు. వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు.

స్ట్రక్. ప్లేయర్ లోపల గొంతు సవరించుకుంటున్నట్టు చప్పుడు. తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టాను. అక్కడే. నువ్వు మధ్య నుంచి అంచుకి చదవబడతావట. అంటే ఓడిపోయిన పందెం భద్రంగా నడిమధ్యన, గెలిచిన పందెం అందరి వేళ్ళూ పడే అంచున! ఎవడు నేర్పాడు నీకీ సర్దుడు? ఓటమికి లేని గీత గెలుపుకి ఎందుకు పడింది? ఒరేయ్, 75 ఏళ్ళ మనిషిని మూడు గంటలు కూర్చోబెట్టి, గీత మీద వంచి, తుపాకీ పేల్చకుండా పోతావా?

నేను ప్లేయర్ నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తుంటే, వెనక నుంచి నాన్న లేచారు. రిమోట్‌ని స్టాప్‌వాచ్‌లా పట్టుకున్నారు. "ఖాలిక్ అంటే ఎవరనుకున్నావురా? '54లో, '58లో ఆసియా క్రీడల్లో 100 మీటర్లు వాడిదే" అని మొదలుపెట్టి, సోఫాకీ బీరువాకీ మధ్య పందెం మొత్తం నడిపించారు. పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ మిల్ఖాను 'ఫ్లయింగ్ సిఖ్' అన్నదాకా చెప్పి బీరువా తలుపు మీద చెయ్యేసి ఆగారు. రొప్పుతున్నారు. "చూశావా" అన్నారు. చూశాను. ఒక్క గడి కూడా పడలేదు.

అందుకే విరగ్గొట్టలేదు నిన్ను. టూత్‌పేస్టు రాసి ఆరబెట్టాను. ఆదివారం మళ్ళీ పెడతాం. ఈసారి కూడా గీత మీదే ఆగిపోయావో, పెరట్లో జామచెట్టుకి కట్టేస్తాను, చిలకల్ని తోలుకుంటూ ఉందువుగాని.

ఇట్లు,
60 రూపాయల నిర్మాత