కత్తెరకు చోటివ్వని టీషర్టు

అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో ఏ కార్యక్రమం తలపెట్టినా ముందు తేలేది భోజనాల మెనూ, ఆ వెంటనే టీషర్టు రంగు. ఉగాది వాలంటీర్లకు ఒకటి, క్రికెట్ టోర్నమెంటుకు ఒకటి, 5కె (ఐదు కిలోమీటర్ల) నడకకు ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి అవి గరాజులో కారు తుడిచే గుడ్డలవుతాయి. ఈమధ్య కొన్ని సంఘాల్లో ఆ చొక్కాలతోనే పిల్లల చేత స్క్రంచీలు (జుట్టుకు వేసుకునే, బట్ట తొడిగిన ఎలాస్టిక్ బ్యాండ్లు), హెడ్‌బ్యాండ్లు చేయిస్తున్నారు. మంచి పని. కాకపోతే చొక్కాను బల్ల మీద పరిచి కత్తెర చేతికి తీసుకున్నాక గానీ అసలు ఇబ్బంది బయటపడదు: కోయడానికి చోటేదీ? ముందు ఛాతీ నిండా లోగో, దాని కింద సంవత్సరం. వెనక మెడ దగ్గర మొదలై నడుము దాకా స్పాన్సర్లు: రెండు బిర్యానీ హోటళ్లు, ఒక రియల్టరు, ఒక ట్యాక్స్ ఆఫీసు. చొక్కా కాదది, వ్యాపారాల జాబితాలుండే యెల్లో పేజెస్ పుస్తకం.

అచ్చు ఉంటే ఏమైందనకండి. మామూలు స్క్రీన్ ప్రింటింగులో వాడే ప్లాస్టిసాల్ సిరా నూలులోకి ఇంకదు, పైన ప్లాస్టిక్ పొరలా పేరుకుంటుంది. బట్ట సాగినంతగా అది సాగదు, పగులుతుంది. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే అంటుకుని పాకుతుంది. ఆ ముక్కతో స్క్రంచీ కుడితే అట్టలా బిరుసుగా ఉండి జుట్టును లాగుతుంది. అందుకే జడ సామానుకు అచ్చులేని బట్టే కావాలి.

లెక్క చూద్దాం. పెద్దవాళ్ల లార్జ్ సైజు చొక్కా సుమారు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. అచ్చు పై 18 అంగుళాల్లోనే ఆగితే కింద 12 అంగుళాలు మిగులుతాయి. అడుగు మడతకు ఒక అంగుళం తీసేస్తే 11. చుట్టుకొలత 44. ఇందులో అడ్డంగా, చుట్టూ నాలుగేసి అంగుళాల వెడల్పు వలయాలు రెండు కోసి, ఒక్కోదాన్ని సగానికి కత్తిరిస్తే 22 అంగుళాల పట్టీలు నాలుగు, అంటే నాలుగు స్క్రంచీలు. మిగతా మూడంగుళాల్లో అంగుళం వలయాలు మూడు, అంటే ఒక హెడ్‌బ్యాండు. అదే వెనక స్పాన్సర్ల జాబితా కింది దాకా దిగితే ప్రతి వలయంలో సగం పోయినట్టే.

స్క్రంచీలో పెద్ద రహస్యమేమీ లేదు. దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1987లో. బట్ట గొట్టం, లోపల ఎలాస్టిక్, అంతే. 4 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవున్న పట్టీని మంచి వైపు లోపలికి వచ్చేలా పొడవునా మడవాలి. రెండు కొసల దగ్గరా ఒకటిన్నర అంగుళం వదిలేసి, అంచుకు పావంగుళం లోపల కుట్టుకుంటూ పోవాలి. పిన్నీసుతో గొట్టాన్ని తిరగేసి, పావంగుళం వెడల్పు ఎలాస్టిక్ దూర్చాలి: ఒత్తు జుట్టుకు 8 అంగుళాలు, చిన్నపిల్లల పిలకలకు 7. ఎలాస్టిక్ కొసల్ని అరంగుళం ఒకదానిమీద ఒకటి పెట్టి జిగ్‌జాగ్ కుట్టు వేయాలి. ముడి వేస్తే అది తలకు గుచ్చుకుంటుంది, పైగా జారిపోతుంది. తర్వాత గొట్టం కొసలు రెండూ కలిపి కుట్టేసి, మిగిలిన కన్నాన్ని మాత్రం చేత్తోనే వదులు కుట్లతో మూయండి. మనవి నూనె పెట్టే తలలు. నూనె తగిలే కొద్దీ రబ్బరు పాడవుతుంది. ఎలాస్టిక్ చచ్చిన రోజు ఆ నాలుగు కుట్లూ విప్పి కొత్తది వేసుకోవచ్చు. ఉతికాక డ్రయర్‌లో వేయొద్దు, గాలికి ఆరేయండి.

మిషను దగ్గర చెడేది ఎక్కువగా సూది వల్లే. టీషర్టుది బనియను బట్ట, దారపు ఉచ్చులతో అల్లినది. మామూలు సూది మొన ఆ ఉచ్చును తెంపేస్తుంది, లేదా కుట్టు దాటేస్తుంది. రెండు ఉతుకులకు చిల్లులు కనిపిస్తాయి. మొన గుండ్రంగా ఉండే జెర్సీ సూది, 75/11 సైజు తెచ్చుకోండి. దారం పాలిస్టర్‌ది. తిన్నని కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడు పటపటా తెగుతుంది కాబట్టి సన్నని జిగ్‌జాగ్ పెట్టాలి, వెడల్పు 1 మిల్లీమీటరు, పొడవు రెండున్నర. కుట్టేటప్పుడు బట్టను వెనక నుంచి లాగారో, అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది. మొదట్లో బట్టను మిషను పళ్లు మింగేస్తుంటే కింద పల్చటి టిష్యూ కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి.

కుట్టు రానివాళ్లకు పేలికల పని ఉంది. చొక్కాను అడ్డంగా కోసిన అంగుళం పట్టీని రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగితే అంచులు చుట్టుకుని గుండ్రని తాడవుతుంది. బనియను బట్ట ముందు వెనకల అల్లిక ఒకేలా ఉండదు కాబట్టి, అడ్డంగా కోసిన అంచు ఎప్పుడూ మంచి వైపుకే ముడుచుకుంటుంది. అంటే బయటికి కనబడేది చొక్కా లోపలి వైపు, ఎండకు వెలవని వైపు. వెలిసిన మెరూన్ చొక్కా తాడయ్యాక కొత్తదానిలా ఉండటానికి కారణం ఇదే. నిలువుగా కోసిన పట్టీ అంతగా సాగదు, చక్కగా చుట్టుకోదు. పక్క కుట్టు ఉన్న చొక్కా అయితే ఆ కుట్టు దగ్గర ముడిలా మిగులుతుంది, కోసి పారేయండి. కత్తెరను చిన్నచిన్నగా ఆడించకుండా పొడుగ్గా నడపాలి, గాటు పడ్డ ప్రతిచోటా లాగినప్పుడు తెగుతుంది.

హెడ్‌బ్యాండుకు మూడు పాయలు జడలా అల్లి, తల చుట్టుకొలతకు నాలుగంగుళాలు తక్కువగా ఆపి, ఆ ఖాళీలో ఎలాస్టిక్ ముక్క కుట్టి పైన బట్ట చుట్టాలి. ఇంకా బిగిస్తే చెవుల వెనక నొప్పి పుడుతుంది, పిల్లలు గంటకే తీసి పారేస్తారు.

నన్నడిగితే ఈ పేలికలకు అందమైన వాడకం జడకుప్పెలు. అరంగుళం వలయాలు నాలుగు లాగి తాళ్లు చేసుకుంటే మూడు కుచ్చులకు సరిపోతాయి. మూడంగుళాల అట్టముక్క మీద పన్నెండు చుట్లు చుట్టి, పైన ముడేసి, అట్ట తీసి, ముడికి అరంగుళం కింద మెడలా బిగించి, కింది ఉచ్చులు కత్తిరించడమే. మూడూ ఒక తాడుకు కట్టి జడ చివర అల్లేయొచ్చు. పట్టులంగాకు ఆవపిండి పసుపు, మెరూన్, ముదురాకుపచ్చ కుప్పెలు ఎంత బాగుంటాయో! కొత్త ముదురు రంగు చొక్కా అయితే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. మూడేళ్ల లోపు పిల్లలకు పూసలు గుచ్చినవి వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

5కె నడకల్లో ఇచ్చే చెమట పీల్చే పాలిస్టర్ చొక్కా దేనికీ కలిసిరాదు. తాడుగా చుట్టుకోదు, నూనె జుట్టు మీద నిలవదు. ఏ బట్టో చెప్పే మెడ దగ్గర లేబులు చిరిగిపోయిందా, అడుగు నుంచి అరంగుళం పట్టీ కోసి లాగి చూడండి, చుట్టుకోకపోతే పక్కన పెట్టేయండి.

ఇక అచ్చున్న ముక్కలకు మన అమ్మమ్మలే దారి చూపారు, బొంత. పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టినట్టే, 14 అంగుళాల చదరాలు పన్నెండు తీసుకుంటే వరసకు మూడు చొప్పున నాలుగు వరసలుగా కుట్టి పిల్లల మంచానికి దుప్పటి వస్తుంది. ప్రతి చదరం వెనకా ఇస్త్రీకి అతుక్కునే పల్చటి పేస్టింగ్ బట్ట వేయకపోతే మాత్రం బొంత నెలలో ఊయలలా సాగిపోతుంది. ఇస్త్రీ వెనక వైపు నుంచే చేయాలి. అప్పుడు కూడా అచ్చు బల్లకు అంటుకోకుండా కింద బేకింగ్ కాగితం పరవాలి.

ఇదంతా చేసి పర్యావరణాన్ని ఉద్ధరించామని వేదికెక్కి చెప్పుకోవద్దు. ఒక స్క్రంచీకి పట్టే బట్ట 10 గ్రాములు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలో 2018లో ఈ దేశంలో పోగైన బట్టల చెత్త 1.7 కోట్ల టన్నులు, అందులో 1.13 కోట్ల టన్నులు నేలలోనే పూడ్చారు. ఆ గుట్ట ముందు మన నాలుగు స్క్రంచీలెంత? మన చేతిలో నిజంగా ఉన్నది ఆర్డరు ఫారం.

కాబట్టి కార్యవర్గాలకు నా మాట ఇది. సైజుకు ఇన్నని ఊహించి డబ్బాలు తెప్పించకండి, పేరిచ్చినవాళ్లకే చేయించండి. నూరు శాతం కాటన్ అడగండి. సంవత్సరం వేయకండి, వేయకపోతే అదే చొక్కా వచ్చే ఏడాదీ తొడుక్కోవచ్చు. లోగోను ఎడమ ఛాతీ మీద నాలుగంగుళాలకు కుదించండి. స్పాన్సర్లు ఒప్పుకోరంటారు. వేదిక వెనక బ్యానరు మీద, భోజనాల క్యూ పక్కన వాళ్ల పేర్లు పెద్దగా వేయండి. అక్కడ అరగంట నిలబడి చదివేవాళ్లుంటారు. వాలంటీరు వీపు మీద పన్నెండు పాయింట్ల అక్షరాలు ఎవరు చదువుతారు, వెనక వరసలో పులిహోర పట్టుకు నిలబడ్డవాళ్లు తప్ప?