మహారాజశ్రీ టైమ్‌లెస్ గారికి

మహారాజశ్రీ టైమ్‌లెస్ గారి దివ్య సముఖానికి, హైదరాబాదులో ఒక అపార్టుమెంటు ఏడో అంతస్తులో తమ నీడన బతుకుతున్న సామాన్యుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరమూ క్షేమం, మా హాలు పైకప్పు ఒక్కటే క్షేమంగా లేదు. తమరు కాలానికి అతీతులు గనుక తమ క్షేమం అడగవలసిన పని లేదు.

గత శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, పదకొండింటికల్లా వస్తానన్న ఎలక్ట్రీషియన్ కోసం సాయంత్రం నాలుగున్నర దాకా వీధి తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన వచ్చి, మా డైనింగు కుర్చీ ఎక్కి, ఫాల్స్ సీలింగు అంచున ఉన్న గాడిలోకి చెయ్యి పోనిచ్చి, మూరెడు ఎల్‌ఈడీ స్ట్రిప్పును చచ్చిన పామును లాగినట్టు బయటికి లాగాడు. దాని మీది అక్షరాలను ఫోను వెలుతురులో చదివి, నాడి దొరకని వైద్యుడిలా తల అడ్డంగా ఊపాడు. "ఈ మోడల్ రావట్లేదు సార్. ఆగిపోయి రెండేళ్లయింది" అన్నాడు. మేము దాన్ని పెట్టించుకున్నది 2021లో. అంటే, కాలాతీతమని తమ పేరు మీద మాకు అంటగట్టిన ఆ దీపం రెండేళ్లకే కాలం చేసిందన్నమాట. ఆ కబురు మాకు తెలియడానికి మరో రెండేళ్లు పట్టింది.

వెంటనే మా ఇంటీరియర్ డిజైనర్‌కు ఫోను చేశాను. ఆయన తమకు వీరభక్తుడు. నాలుగేళ్ల కిందట ల్యాప్‌టాప్‌లో మా ఇంటి బొమ్మ చూపిస్తూ ఆయన తమ నామాన్ని ఎన్నిసార్లు స్మరించాడో, మా పెళ్లిలో పురోహితుడు నా చేత అన్నిసార్లు 'మమ' అనిపించలేదు. సోఫా టైమ్‌లెస్, గోడ టైమ్‌లెస్, చివరికి చెప్పుల బల్ల కూడా టైమ్‌లెస్. ఇప్పుడు నా మొర అంతా విని అదే గొంతుతో, అంతే భక్తితో ఇలా అన్నాడు: "కోవ్ లైటింగా సార్? అది బాగా డేటెడ్ అయిపోయింది. మొత్తం పీకేసి మ్యాగ్నెటిక్ ట్రాక్ లైట్లు వేద్దాం. అదైతే టైమ్‌లెస్."

అయ్యా, ఈ లేఖ రాయడానికి కారణం ఆ చివరి వాక్యమే. దీపం పోయినందుకు నాకు బాధ లేదు, దీపాలన్నాక పోతాయి. కానీ అదే నోటితో, అదే మాటను, నాలుగేళ్ల తేడాలో, ఒకదాన్ని తగిలించడానికీ దాన్నే పీకేయడానికీ వాడవచ్చునని నాకు ఇంతకు ముందు తెలియదు.

మా గోడల సంగతి కూడా విన్నవిస్తాను. 2021లో మాకు బూడిద రంగు వేయించారు. ఆ ఏడాది, రంగులకు ప్రమాణాలు నిర్ణయించే ప్యాంటోన్ సంస్థ తన 'ఏడాది రంగు'గా ఒక పసుపుతో పాటు 'అల్టిమేట్ గ్రే' అనే బూడిదను ప్రకటించి ఉన్నది. అల్టిమేట్ అంటే ఇక దాని తరువాత ఇంకొకటి లేదన్నమాట. 2024 వచ్చేసరికి పీచు పండు మీది నూగు రంగు, 2025 వచ్చేసరికి కాఫీ నురగ రంగు ప్రకటించారు. 2000 సంవత్సరం నుంచీ వరుసగా ఏటా ఒకటో రెండో రంగులను పట్టాభిషిక్తం చేస్తూ వస్తున్న ఆ పద్ధతిని నేను తప్పుపట్టను, ఎందుకంటే అది 'ఈ ఏడాది' అని ముందే చెబుతుంది, మన ఉగాది పంచాంగంలా దాని గడువు దాని మీదనే రాసి ఉంటుంది. తమరే, గడువు రాయకుండా అమ్ముడుపోయే సరుకు. మందు సీసా మీద గడువు తేదీ లేకపోతే జైలుకు పంపే ఈ దేశంలో తమరు మాత్రం హాయిగా తిరుగుతున్నారు.

బట్టల దుకాణంలోనూ తమరిదే పెత్తనం. నలుపు టైమ్‌లెస్ అని మా అమ్మాయికి ఎవరో చెప్పారు, తను నల్ల చీర కొనుక్కుని బంధువుల పెళ్లికి కట్టుకోబోయింది, శుభకార్యానికి నల్ల చీరేమిటని మా అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఆ మాటకు వస్తే యూరప్‌లోనూ నలుపు చాలాకాలం చావుల రంగే. ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ షనెల్ రూపొందించిన ఒక చిన్న నల్ల గౌనును 1926లో అమెరికాలోని వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక, అందరూ వేసుకోబోయే గౌను ఇదేనన్న అర్థంలో, ఫోర్డు కారుతో పోల్చింది. ఆ పోలిక పెట్టిన మరుసటి ఏడాదే, 1927లో, ఫోర్డు కంపెనీ తన ప్రఖ్యాతమైన మోడల్ టీ కారు తయారీని ఆపేసింది. గౌను నిలిచింది, పోలిక పోయింది. ఇందులో తమ ప్రమేయం ఏమిటో తమకే తెలియాలి.

మా అమ్మాయి ఆ తరువాత ఆన్‌లైన్‌లో 'టైమ్‌లెస్ పోచంపల్లి' అని ఒక చీర తెప్పించింది. మా ఆవిడ దాన్ని మడత విప్పి, మాట్లాడకుండా వెనక్కి తిప్పింది. వెనక వైపు పువ్వులన్నీ వెలిసిన నీడల్లా ఉన్నాయి. పోచంపల్లి నేతైన ఇక్కత్‌లో నూలును ముందుగా ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తరువాతే మగ్గానికి ఎక్కిస్తారు గనుక చీరను ఎటు తిప్పినా పువ్వు పువ్వులాగే ఉంటుంది, అచ్చు వేసిన చీరకు మాత్రం వీపు ఉంటుంది. తమ పేరు ఆ చీర అట్టపెట్టె మీద బంగారు అక్షరాలతో ఉన్నది. మా అమ్మ పెట్టెలోని మంగళగిరి చీర మీద, ఆ నిజాం అంచు చీర మీద, తమ పేరు ఎక్కడా లేదు. పండక్కి కట్టడం, ఉతికి ఆరేయడం, చిరుగు పడితే రఫ్ఫు చేయించడం తప్ప దానికి ఎవరూ ఏ బిరుదూ ఇవ్వలేదు.

పచ్చబొట్టు గురించి క్లుప్తంగా ముగిస్తాను. మా మేనల్లుడు మణికట్టు మీద అనంతాన్ని సూచించే గుర్తు వేయించుకున్నాడు, అంతకన్నా టైమ్‌లెస్ ఏముంటుందని నన్నే ఎదురు అడిగాడు. జాన్ వాలిస్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు 1655లో ఆ గుర్తును లెక్కల కోసం వాడాడు, మణికట్టు కోసం కాదు. చర్మం లోపల సిరా కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పాకుతుంది, గీతలు లావెక్కుతాయి. వాడు మరీ చిన్నదిగా వేయించుకున్నాడేమో, ఆరేళ్లకు ఆ అనంతం రెండు కళ్లూ పూడిపోయి, మూకుడులో అంటుకుపోయిన రెండు గారెల్లా తయారైంది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన అయిదు వేల ఏళ్ల నాటి మనిషి, ఆట్జీ, ఒంటి మీద 61 పచ్చబొట్లు ఉన్నాయట. అన్నీ ఉత్త గీతలూ అడ్డగీతలే, చాలావరకు కీళ్ల దగ్గరా నడుము మీదా ఉన్నాయి గనుక నొప్పులకు వైద్యంగా పొడిపించుకుని ఉంటాడని పరిశోధకుల ఊహ. మా జేజి ముంజేతి మీద కూడా చుక్కల వరుస ఒకటి ఉండేది. పచ్చబొట్లు పొడిచే ఆమె ఊళ్లోకి వచ్చినప్పుడు చాటెడు జొన్నలిచ్చి పొడిపించుకున్నదట. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటే అని మా జేజి అంటుండేది. వెంట వచ్చేదో లేదో గానీ, పోయే దాకా ఆమె చేతి మీద ఆ చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి.

సరే, మళ్లీ పైకప్పుకు వస్తాను, ఎందుకంటే పడుకుంటే నాకు కనబడేది అదే.

మా బిల్డరు ఇచ్చిన స్లాబు 9.5 అడుగుల ఎత్తున ఉండేది. మనుషులుండే గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే ఇంచుమించు 9 అడుగుల ఎత్తు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది, ఏసీ గదులకు కొంత సడలింపు ఉన్నదని మా డిజైనర్ నాకు అభయమిచ్చాడు. తమ పేరు చెప్పి స్లాబుకు ఇనుప చానెళ్లు వేలాడదీసి, వాటికి జిప్సం బోర్డులు బిగించి, మా నెత్తిమీది నుంచి ఒక అడుగు పుచ్చుకున్నారు. నేలైతే చదరపు అడుగుల లెక్కన కొన్నాను గనుక అంగుళం తగ్గినా కోర్టుకు వెళ్లేవాణ్ణి. ఎత్తుకు లెక్క లేకపోవడం వల్ల, దాన్ని పోగొట్టుకోవడానికి నేనే ఎదురు లక్షా ఎనభై వేలు చెల్లించి, పైగా ఫ్యానుకు పొట్టి రాడ్డు కొనుక్కున్నాను. ఆ జిప్సం బోర్డు ఏమిటయ్యా అంటే, రెండు మందపాటి కాగితాల మధ్య అదిమిన పిండి. పై ఫ్లాటు వాళ్ల బాత్రూములో చెంబెడు నీళ్లు కారితే చాలు, దాని మీద దోశంత మరక పడుతుంది. మా దాని మీద రెండు దోశలున్నాయి.

ఫాల్స్ సీలింగును కూడా నేను ఒక విధంగా మెచ్చుకుంటాను. అబద్ధపు కప్పునని అది తన పేరులోనే ఒప్పుకున్నది. ఆ పాటి నిజాయితీ తమకు లేదు.

ఆ స్ట్రిప్పును బతికించే డ్రైవరు అనే డబ్బీ బోర్డుకు పైన ఎక్కడో ఉన్నదట. దాన్ని అందుకోవడానికి చిన్న తలుపు పెడితే 'క్లీన్ లైన్స్' చెడిపోతాయని పెట్టలేదట. ఇంటిలో ఏది పాడైనా చేరుకునే దారి ఉండాలని గుర్తుండని వాళ్లకు శాశ్వతత్వాన్ని గురించి మాట్లాడే అధికారం ఎవరిచ్చారు? మా ఊళ్లో గడ్డివాముకు కూడా నిచ్చెన ఉంటుంది! ఎలక్ట్రీషియన్ తన దగ్గరున్న వేరే స్ట్రిప్పును ఒక పక్కన వేసి చూశాడు. పాతది పసుపు తెలుపు, కొత్తది పాల తెలుపు. ఇప్పుడు మా హాలులో టీవీ వైపు సాయంత్రం ఆరు గంటలు, తలుపు వైపు మధ్యాహ్నం రెండు గంటలు అయి ఉంటుంది. వచ్చిన చుట్టాలు ఏ వైపు కూర్చుంటే దాన్ని బట్టి మా ఆవిడ కాఫీనో భోజనమో పెట్టవలసి వస్తోంది.

నువ్వు చేసిన మోసం ఇదీ అని వేలు పెట్టి చూపించడం కష్టం, అదే నాకు ఒళ్లు మండించేది. అవును, ఇక నుంచి నువ్వే, గౌరవాలు అయిపోయాయి. పాడైపోయే వస్తువును పాడైపోతుందని చెప్పి అమ్మితే నేను మాట్లాడను, దానికి తగ్గ ధర ఇచ్చి, పాడైన రోజున పారేసి, ఇంకోటి తెచ్చుకుంటాను. నువ్వు వచ్చి ఎప్పటికీ నిలుస్తుందని చెప్పడం వల్ల నేను రెండింతలు ఇచ్చాను, మళ్లీ అడగడం మానేశాను, ఎంత మన్నుతుంది, ఎవరు బాగుచేస్తారు, విడి భాగం ఎక్కడ దొరుకుతుంది అని గుమ్మడికాయ బేరంలోనైనా అడిగే ప్రశ్నలను నోట్లోనే మింగేశాను. నువ్వు ఒక శైలివి కావు, నోరు మూయించే మాటవి.

నంద్యాల వైపు మా ఊళ్లో మా ఇల్లు మట్టిమిద్దె, మా అమ్మ ఇప్పటికీ అందులోనే ఉంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది, ఎందుకంటే వెల్లకిలా పడుకుంటే దూలం, దంతెలు అన్నీ లెక్కకు అందేవి. ఈ ఫ్లాటులో అన్నం తిన్న ద్రోహికి ఆ సౌకర్యం కూడా లేదు. ఆ మిద్దె గొప్పదని నేను అనను. దాని సందుల్లోంచి జెర్రులు రాలేవి, ఒకసారి మా చిన్నాయన పళ్లెంలోనే తేలు పడింది. వానాకాలానికి ముందు చౌడు మన్ను తెచ్చి పైన పరవకపోతే అది కురిసేది, పరిచినా ఒకోసారి కురిసేది. కింద పరిచినవి బేతంచెర్ల నాపరాళ్లు. వాటిని ఎవరూ అందం చూసి ఎంచలేదు, గనులు దగ్గర గనుక బండి బాడుగ తక్కువని మా తాత వేయించాడు. ఒక బండ పగిలితే అలాంటిదే ఇంకొకటి ఈనాటికీ అక్కడ దొరుకుతుంది. మోడల్ ఆగిపోయిందని ఎవరూ అనరు.

శుక్రవారం నాడు ఆ డ్రైవరు కోసం ఎలక్ట్రీషియన్ చివరికి బోర్డును కోయక తప్పలేదు. హాలు నడుమ, ఫ్యానుకు కొంచెం పక్కగా, జానెడున్నర పొడవూ వెడల్పూ ఉన్న చదరాన్ని రంపంతో కోసి కిందికి దించాడు. జిప్సం పొడి ముగ్గుపిండిలా సోఫా మీద రాలింది. ఆ కంతలోంచి పైకి చూస్తే, నాలుగేళ్లుగా నేను మరిచిపోయిన మా అసలు స్లాబు కనిపించింది. సెంట్రింగ్ చెక్కల అచ్చులు దాని మీద ఇంకా అలాగే ఉన్నాయి, మూల ఎవరో మేస్త్రీ పెన్సిలుతో ఏదో కొలత వేసుకున్నాడు. డ్రైవరు మాడిపోయింది, అలాంటిది తెస్తానని ఎలక్ట్రీషియన్ వెళ్లాడు, ఇంకా రాలేదు. ముక్కను తిరిగి అతికించి రంగు వేస్తానని డిజైనర్ మనిషి ఫోను చేస్తే ఇప్పుడే వద్దన్నాను.

ఆ రాత్రి మా అమ్మ వీడియో కాల్ చేసింది. నేను పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను గనుక ఆమెకు నా ముఖం కన్నా కప్పే ఎక్కువ కనబడుతున్నట్టుంది. మా మిద్దెకు పొగ పోవడానికి, వెలుతురు రావడానికి వంటింటి పైన ఒక కంత ఉండేది, గవాచి అంటాం, వాన చినుకు పడగానే పరుగెత్తి మిద్దెక్కి దాని మీద రేకు మూయడం చిన్నప్పుడు నా పని. మా అమ్మ కాసేపు కళ్లు చిట్లించి చూసి, "గవాచి పెట్టించినావా నాయనా? మంచి పని చేసినావు. గాలి వస్తాదా?" అని అడిగింది.

వస్తోందమ్మా అన్నాను. పైన ఎనిమిదో అంతస్తు ఉన్నదని చెప్పలేదు.

ఇట్లు,
'తమ విధేయుడు' అని రాసి కొట్టేసిన,
8.5 అడుగుల ఎత్తున, ఒక్క చోట మాత్రం 9.5 అడుగుల ఎత్తున నివసించుచున్నవాడు