రెండు కొలతలు చెప్పే హక్కు

మాల్ సెల్లార్‌లో లిఫ్టు పక్కనే వికలాంగుల పార్కింగ్ జాగా: నేల మీద చక్రాల కుర్చీ బొమ్మ, దాని మీద ఓ ప్లాస్టిక్ కోను. పెద్ద కారు హారన్ కొడితే గార్డు పరుగున వచ్చి కోను తీస్తాడు. పక్క చక్రాల స్కూటీ మీద పోలియో బాధితుడు వస్తే మాత్రం ‘టూవీలర్లు అటు’ అని చెయ్యి చూపిస్తాడు. అటు బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. అక్కడ ఆ స్కూటీ పట్టదు, పట్టినా చంకకర్ర ఆనించడానికి జాగా మిగలదు.

ఈ జాగా ఎవరిది? జాతీయ భవన నిర్మాణ నియమావళి దీనికి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలంది, ద్వారానికి 30 మీటర్ల లోపే ఉండాలంది. కారు తలుపు బార్లా తెరిచి, పక్కన కుర్చీ పెట్టుకుని దిగేవారి కోసం ఆ వెడల్పు. ఎక్కువ దూరం నడవలేనివారి కోసం ఆ దగ్గరతనం. ఈ రెంటిలో ఒకటైనా అవసరమైన వారిదే హక్కు అని మా అభిప్రాయం.

ధ్రువపత్రం ఒక్కటే గీటురాయి కారాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది, మంచిదే. కానీ వినికిడి లోపమున్న యువకుడికి రావలసిన రాయితీలు వేరు, ఈ జాగా వేరు. గుండె బలహీనపడి ఇరవై అడుగులకే ఆయాసపడే పెద్దాయనకు ఏ ధ్రువపత్రమూ ఉండకపోవచ్చు. ‘చూస్తే బాగానే ఉన్నాడే’ అన్న మాటొకటి ఆయన పడాలి. ఇంగ్లండ్ 2019లో వికలాంగులకిచ్చే పార్కింగ్ అనుమతి కార్డు ‘బ్లూ బ్యాడ్జి’ని పైకి కనిపించని వైకల్యాలకూ వర్తింపజేసింది. ఆ బ్యాడ్జి మనిషికిస్తారు, బండికి కాదు. మన దగ్గర అద్దం మీద స్టిక్కరుంటే చాలు, తాతయ్య ఇంట్లో ఉన్నా మనవడు దర్జాగా కారు పెట్టేస్తాడు. కాలు విరిగినవారికి డాక్టరు చీటీ మీద కొన్ని వారాల అనుమతి ఇస్తే తప్పేముంది?

నడిపేవారికే కాదు, పక్క సీట్లో వచ్చేవారికీ, ఆటోలో దిగేవారికీ ఇది వర్తించాలి. మన ఊళ్లలో చాలామంది వికలాంగులు వచ్చేది అలాగే.

వికలాంగుల కోసం పెట్టిన సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అందుకు ఆధారమైన నివేదికల్లో హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌దీ ఒకటి. ఆ నిబంధనల్లో స్కూటీకీ చోటు రాయాలి. 2016 చట్టంలో తొలి ఉల్లంఘనకు రూ.10,000 దాకా జరిమానా ఉంది. దాన్ని కోను తీసిన గార్డు నుంచి కాదు, అతడికి జీతమిచ్చే యాజమాన్యం నుంచి వసూలు చేయాలి. పెద్ద కారును ఆపితే ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో అతడికి తెలుసు.