బీరువా మీద కూర్చున్న హెల్మెట్‌కి

ఏమబ్బా హెల్మెట్టూ, ఎట్టుండావు?

పాత సూట్‌కేసుకీ మా ఆయన పెళ్ళినాటి కోటుకీ మధ్యలో ఇరుక్కోని బాగానే ఉండావులే. మొన్న ఇల్లు దులిపేటప్పుడు దొర్లుకుంటా వచ్చి నా నెత్తిన పడ్డావు చూడూ, ఈ ఇంట్లో ఇంక నా తలే మిగిలిందా నీకు అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వేమన్నా బండి హెల్మెట్టువా, మా పిల్లోడి వంకర తల సర్దడానికి వచ్చినదానివి. నువ్వు మా ఇంటికి రాకముందు సంగతి చెప్తా. మావాడికి తల వెనక కుడిపక్క చపాతీ కర్రతో ఒత్తినట్టు చదునుగా ఉంటే, ఐదో నెల్లో నెల్లూరు నుంచి చెన్నై దాకా ఎత్తుకుపోయాం. డాక్టరమ్మ "పొజిషనల్ ప్లేజియోసెఫలీ" అనింది, ఆ పేరు వినంగానే నేను ఏడుపు మొదలుపెట్టా, తీరా చూస్తే ఎప్పుడూ ఒకేపక్క పడుకోని తల చప్పబడింది అనేదానికి అంత పేరంట. మెడ కండరం ఒకపక్క బిగిసి ఎప్పుడూ కిటికీ వైపే తిరిగి పడుకునేవాడు, మేమేమో ఎంత బుద్ధిమంతుడో అసలు కదలడు అని మురిసిపోయినాం. వెల్లకిలా పడుకోబెట్టడం తప్పా అంటే తప్పు కాదంట. అమెరికాలో 1992 నుంచీ పిల్లల్ని అట్టనే పడుకోబెట్టమని చెప్తా ఉండారు, దానివల్ల నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోయే పిల్లలు సగానికి సగం తగ్గినారు, చప్పిడి తలలు మాత్రం పెరిగినయ్యంట. ప్రాణం ముందు తల షేప్ ఎంతలే, కానీ మా అత్తకి ఎవురు చెప్పాల? ఆవాల దిండు పెట్టమంటే ఇనకపోతివి, నీళ్ళు పోసినప్పుడల్లా నన్ను తల ఒత్తనియ్యకపోతివి, ఇప్పుడు అనుభవించు అని మూడు రోజులు సాధించింది.

నువ్వొచ్చినాక అదే మనిషి కొత్త బండికి చేసినట్టు నీకు పసుపు రాసి బొట్టు పెట్టింది. నిమ్మకాయ కూడా తెచ్చింది, తొక్కించడానికి నీకు చక్రాలు లేవని ఆగింది. రేటు చూస్తే బండే నయం అనుకో.

రోజుకి 23 గంటల డ్యూటీ నీది. స్నానానికీ నిన్ను తుడవడానికీ కలిపి ఒక గంట సెలవు. అదీ ఎప్పుడు, నెల్లూర్లో రోహిణి కార్తెలో! పెద్దోళ్ళం తడి తువ్వాలు నెత్తినేసుకోని ఉసూరంటా ఉంటే మావాడికి ఫోమూ ప్లాస్టిక్కూ కలిపి కిరీటం, దానికితోడు కరెంటు పోయేది. మెడ చుట్టూ చెమటకాయలు. నిన్ను స్పిరిట్టుతో ఎంత తుడిచినా నీ లోపల్నుంచి మైపాడు బీచిలో ఎండుచేపల వాసన వచ్చేది, బిడ్డని ముద్దు పెట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టి పెట్టుకున్నానంటే నమ్ము.

నువ్వు తలని నొక్కుతావనుకోని నేను రాత్రిళ్ళు లేచి లేచి చూసేదాన్ని. నువ్వేమో సోమరిపోతువి. ఉబ్బిన పక్క అడ్డంగా నిలబడతావు, చప్పిడి పక్క కొంచెం ఖాళీ వదుల్తావు, పెరిగే కష్టమంతా తలదే. మొదటి ఏడాదిలో తల చుట్టుకొలత దగ్గర దగ్గర 12 సెంటీమీటర్లు పెరుగుతుంది కదా, నువ్వు ట్రాఫిక్ పోలీసు మాదిరి ఇటు పో అటు పో అని చెయ్యి చూపిస్తా నిలబడ్డావంతే.

పోలీసంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో హెల్మెట్ పెట్టుకునింది బండి నడపనోడొక్కడే. మా ఆయన హెల్మెట్టు ఇప్పటికీ బండి అద్దానికే వేలాడతా ట్రంకు రోడ్డంతా తిరిగొస్తది.

బయటికి ఎత్తుకుపోతే చాలు, "అయ్యో పిలకాయ పడ్డాడా?" "ఆపరేషన్ చేసినారా?" బస్సులో ఒకామె అయితే ఏమీ అడగకుండా మావాడి చేతిలో పది రూపాయలు పెట్టి కళ్ళు తుడుచుకునింది. నేను తిరిగిద్దామనుకునేలోపు వాడు నోట్లో పెట్టుకున్నాడు.

ఆగస్టులో నీ డ్యూటీ అయిపోయింది, తల చాలావరకు సర్దుకునింది. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ. మా అత్త రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకోనొచ్చింది కాబట్టి అది దర్గా దయ, మరుసటేడు పోయి రొట్టె తిరిగిచ్చింది కూడా. మా అమ్మ పెంచలకోన స్వామికి మొక్కుకునింది కాబట్టి స్వామి దయ. ఫిజియో ఆయన రోజూ బోర్లా పడుకోబెట్టినందుకు అన్నాడు. నీ పేరు ఒక్కరూ ఎత్తలా. పోనీ నేనన్నా ఎత్తుదామంటే, డచ్చి వాళ్ళు 84 మంది పిల్లల మీద పరీక్ష చేసి 2014లో రాసినారంట, ఓ మాదిరిగా వంకర ఉన్న తలలకి హెల్మెట్ పెట్టినా పెట్టకపోయినా రెండేళ్ళు వచ్చేసరికి పెద్ద తేడా లేదని. మరీ వంకర ఉన్నోళ్ళని అందులో కలపలేదులే. పెట్టినోళ్ళ అమ్మానాన్నలు మాత్రం అందరూ ఏదో ఒక ఇబ్బంది చెప్పినారంట, ఎండుచేపల వాసన ఆడ కూడానా? డబ్బు కట్టినాక చదివా ఇదంతా. మా ఆయనకి ఇప్పటికీ చెప్పలా, నువ్వూ చెప్పబాక.

పెంచలకోనలో పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు చుట్టాలందరూ వాడి గుండు చుట్టూ మూగి పుచ్చకాయ బేరమాడినట్టు తట్టి చూసినారు. గుండ్రంగానే ఉంది అన్నారు. ఆదివారం నూనె పెట్టేటప్పుడు మాత్రం నా అరిచేతికి కుడిపక్క చిన్న చదును ఇంకా తగుల్తది, అది నాకూ నీకూ తెలిస్తే చాలు.

నిన్ను అమ్ముదామంటే ఇంకొకరి తలకి పట్టవు, పారేద్దామంటే చెయ్యి రాదు. ఇది రాస్తా రాస్తా ఇప్పుడే చూశా, మావాడు నిన్ను తిరగేసి నీలో బొరుగులు పోసుకోని తింటా ఉండాడు. ఉండు, ముందు నిన్ను కడగాల.